ఇర్మా, హార్వే: ఆఫ్రికా తీరం దాటిన రెండు అలలు

పశ్చిమాఫ్రికా నుంచి ఏటా సుమారు 60 వాతావరణ అలలు (సముద్రపు అలలు కావు, గాలి ప్రవాహంలో ఏర్పడే ఒడుదొడుకులు) అట్లాంటిక్ మీదికి వస్తాయి. ఉత్తరాన సహారా వేడికీ, దక్షిణాన గినియా తీరపు తేమకూ ఉన్న తేడాతో పుట్టే గాలి ప్రవాహమే వీటికి మూలం. చాలావరకు తుపాను కాకుండానే పోతాయి. 2017 ఆగస్టులో బయల్దేరిన రెండు మాత్రం భయంకరమైన హరికేన్లు (అతి తీవ్ర తుపాన్లు) అయ్యాయి, అదీ వేర్వేరు దారుల్లో.

ఇర్మా తొందరగా ఎదిగింది. కేప్ వెర్డే దీవుల దగ్గర ఆగస్టు 30న తుపానుగా మారి, మర్నాటికే హరికేన్ అయింది. సెప్టెంబర్ 6న బార్బుడాను తాకినప్పుడు గాలుల వేగం గంటకు 285 కిలోమీటర్లు. అయినా అంతకుముందు రోజుల తరబడి ఉపగ్రహాల్లో స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

హార్వే కథ వేరు. ఆగస్టు 17న బార్బడోస్‌కు తూర్పున తుపానైంది. కానీ పైనా కిందా గాలుల వేగంలో, దిశలో తేడా ఎక్కువై, రెండు రోజులకే కరీబియన్‌లో చెదిరి మళ్లీ మామూలు అలగా మిగిలింది. ఆ అల మెక్సికో వైపు సాగి, గల్ఫ్ ఆఫ్ మెక్సికో వేడినీటి మీద ఆగస్టు 23న తిరిగి లేచింది. 25 రాత్రికల్లా నాలుగో కేటగిరీ (ఐదోది అన్నిటికన్నా తీవ్రం) హరికేన్‌గా టెక్సస్ తీరం దాటింది. తర్వాత అక్కడక్కడే తిరుగుతూ కొన్నిచోట్ల 1500 మిల్లీమీటర్లకు పైగా వాన కురిపించింది. మనవాళ్లు ఎందరో ఉన్న హ్యూస్టన్ నీట మునిగింది.

గాలి బలంలో ఇర్మాదే పైచేయి. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మాత్రం హార్వే లాంటిదే. తీరానికి దగ్గర్లో బలపడితే ఊళ్లు ఖాళీ చేయడానికి రెండు రోజులే మిగులుతాయి. అందుకే చెదిరిపోయిన అల మీద కూడా, అది నేల మీదికి వెళ్లేదాకా కన్నేసి ఉంచాలి.