ఇంట్లో మీగడ తీసిన పాలా, తక్కువ కొవ్వు ప్యాకెట్ పాలా: ఏది మేలు?

చెన్నై పెరంబూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లలో ఎవరికి కొలెస్ట్రాల్ పెరిగినా నన్ను అడిగేది ఇదే: "ఆవిన్ (తమిళనాడు సహకార డెయిరీ) ఆరెంజ్ ప్యాకెట్ తెచ్చుకుని మీగడ తీసేస్తే చాలదా అక్కా? వేరే పాలు కొనాలా?" నిరుటిదాకా నేనూ చాలుననే అనుకున్నాను.

రుచి మాటకొస్తే ఇంటి మీగడకు సాటి లేదు. రాత్రి కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన గిన్నె పొద్దున్నే మూత తీస్తే, పైన ముడతలు పడ్డ మందపాటి పొర. స్పూను అంచుతో గిన్నె చుట్టూ విడదీస్తే ఒక్క ముక్కగా లేచి వస్తుంది. పది రోజుల మీగడ తోడుపెట్టి, చిలికి, ఆ వెన్న కాచేటప్పుడు చివర్లో తమలపాకు వేస్తే వచ్చే వాసన కొన్న నెయ్యికి రాదు. హోమోజినైజ్డ్ (కొవ్వును సన్నగా చితక్కొట్టి పాలంతా కలిపేసినవి) అని రాసి ఉన్న పాలకైతే ఈ ఆశ వద్దు, పల్చటి తొరక కడుతుందంతే.

కానీ మా అత్తగారిని డాక్టర్ కొవ్వు తగ్గించమన్నాక లెక్క వేసి చూశాను. ఆరెంజ్ ప్యాకెట్‌లో కొవ్వు 6 శాతం, లీటరుకు దాదాపు 60 గ్రాములు. రోజుకో లీటరు చొప్పున పది రోజుల మీగడకు 600 గ్రాముల దాకా నెయ్యి రావాలి. మా ఇంట్లో ఏనాడూ 300 దాటలేదు. మజ్జిగలో కొంత పోయిందనుకున్నా, తక్కినదంతా మేం తాగిన పాలల్లోనే ఉంది! కొవ్వు బిందువుల్లో మరీ చిన్నవి అంత తేలిగ్గా పైకి తేలవు. డెయిరీలో పాలను యంత్రంలో గిర్రున తిప్పి మీగడ వేరుచేస్తారు కాబట్టి కొవ్వు ఎంతుందో కచ్చితంగా చెప్పగలరు: టోన్డ్ 3 శాతం, డబుల్ టోన్డ్ 1.5, స్కిమ్డ్ అయితే 0.5కి మించదు.

నీళ్లు కలిపితే సరిపోదా అంటారు కొందరు. వద్దు, ప్రొటీనూ కాల్షియమూ కూడా పలచబడతాయి.

పిల్లలున్న ఇంటికి నా ఓటు మీగడకే. కొవ్వు తగ్గించమని డాక్టర్ చెప్పిన వాళ్లకు మాత్రం తక్కువ కొవ్వు అంకె వేసిన ప్యాకెటే. అత్తగారి కోసం విడిగా అర లీటరు డబుల్ టోన్డ్ తెప్పిస్తున్నాం. మొదటి వారం కాఫీ పల్చగా ఉందన్నారు. డికాక్షన్ కాస్త చిక్కగా దించడం మొదలుపెట్టాక ఆ మాట మళ్లీ రాలేదు.