కడియపులంకలో ఒక చిన్న నర్సరీ: పండ్ల అంటు మొక్కలు ఎలా ఉన్నాయి?

రాజమహేంద్రవరం దాటాక వేమగిరి నుంచి కడియపులంక వరకు పదహారో నంబరు జాతీయ రహదారికి రెండు పక్కలా నర్సరీలే కనిపిస్తాయి. గోదావరి కాలువల నీరు అందుబాటులో ఉండడం, లారీ ఆగడానికి రహదారి పక్కనే ఉండడం వల్ల ఇక్కడి మొక్కలు దేశంలోని చాలా రాష్ట్రాలకు వెళ్తున్నాయి. అయితే రహదారి మీది పెద్ద నర్సరీల దృష్టి ఎక్కువగా పూల మొక్కల మీద, అలంకరణ మొక్కల మీద, భవన నిర్మాణ సంస్థలు కొనే నిలువెత్తు చెట్ల మీద ఉంటుంది. పది మామిడి, నాలుగు సపోటా, కొన్ని జామ, నిమ్మ మొక్కలు కావలసిన నాలాంటి కొనుగోలుదారుకు లోపలి దారుల్లో కుటుంబమంతా కలిసి నడుపుకొనే చిన్న నర్సరీలే అనువుగా ఉంటాయి. అలాంటి ఒకదానిలో మొక్కలు కొని, రాజానగరం వైపు ఉన్న మా ఎర్రనేలలో నాటించాను. ఉన్న మొక్కలు చుట్టుపక్కల రైతులకే సరిపోవడం లేదని, పేరు రాయవద్దని యజమాని కోరారు కాబట్టి ఇక్కడ పేరు ఇవ్వడం లేదు. వ్యాపారం చేసేవారు ప్రచారం వద్దనడం వింతగానే అనిపించింది.

ఈ నర్సరీలో నాకు అన్నిటికన్నా నచ్చింది తల్లి చెట్లు కళ్లెదుట ఉండడం. మామిడి టెంక నాటితే వచ్చే చెట్టు తల్లి పండు రుచినే ఇస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి, టెంక మొక్కను వేరు కోసం పెంచి, దాని మీద మనకు కావలసిన రకం కొమ్మను అంటు కడతారు. ఆ కొమ్మను ఏ చెట్టు నుంచి కోశారన్నదే ఇందులో అసలు విషయం. సంచిలో ఉన్న చిన్న మొక్క ఆకులు చూసి అది బంగినపల్లో కాదో నమ్మకంగా చెప్పగలిగేవారు చాలా తక్కువమంది. రకం మారిందన్న సంగతి నాలుగైదేళ్ల తర్వాత కాయ చేతికి వచ్చినప్పుడు గాని బయటపడదు. గిరాకీ ఎక్కువగా ఉన్న రోజుల్లో కొందరు ఇంకా ఒక్కసారి కూడా పూత పూయని సంచి మొక్కల నుంచే కొమ్మలు కోసి అంటు కట్టేస్తుంటారు. కాపుకు వచ్చిన చెట్టు కొమ్మతో కట్టిన అంటు తొందరగా కాస్తుంది. లేత మొక్క నుంచి తీసిన కొమ్మ విషయంలో ఆ భరోసా ఉండదు. ఇక్కడ బంగినపల్లి, చెరుకు రసం, కొత్తపల్లి కొబ్బరి, పండూరి మామిడి రకాల ముదురు చెట్లు నర్సరీ వెనుక పెరట్లోనే ఉన్నాయి. నేను వెళ్లినప్పుడు కొమ్మలు కోసిన గుర్తులు వాటి మీద ఇంకా పచ్చిగా కనిపించాయి. నాలుగు రకాలే ఉన్నాయన్నది లోటే కావచ్చు గాని, నలభై రకాల పేర్లు వల్లించి ఒక్క చెట్టూ చూపించలేని చోటికన్నా నాకు ఇదే నయమనిపించింది.

రెండో విషయం మొక్క పరిమాణం. నేను మొదట నా భుజం ఎత్తున్న అంటులను ఎంచి పక్కన పెట్టించాను. యజమాని వాటిలో ఒక సంచిని పక్కకు వంచి, అడుగున రంధ్రాల్లోంచి బయటికి పొడుచుకొచ్చి నల్లబడిన వేళ్లను చూపించి, "ఇవి మీకొద్దండి, వేరు సంచిలోనే చుట్టేసుకుంది, నేలలో వేసినా ముందుకు పోదు" అన్నారు. సంచిలో ఎక్కువ కాలం ఉండిపోయిన మొక్క వేళ్లు గుండ్రంగా తిరిగి మెలిపడిపోతాయి. నాటిన తర్వాత కూడా అవి పక్కలకు పాకకపోవడంతో చెట్టు గాలివానకు ఒరిగిపోయే ప్రమాదం ఉంటుంది. పెద్ద మొక్కకు ధర కూడా ఎక్కువే కాబట్టి, వద్దని చెప్పడం వల్ల నష్టపోయింది ఆయనే. చివరికి నేను తెచ్చుకున్నవి గత వర్షాకాలంలో కట్టిన, మోకాలి కన్నా కొంచెం ఎత్తున్న అంటులు. అతుకు పూర్తిగా కలిసిపోయి, అతుకు కింది కాండం, పైది ఇంచుమించు ఒకే లావున ఉన్నాయి. అతుకు పైన రెండు విడతల చిగురు వచ్చి ముదిరింది. లేత చిగురు మీద ఉన్న మొక్కను బండిలో తీసుకెళ్తే గాలికి వాడిపోతుందని, అలాంటివాటిని ఆయన అమ్మకానికే పెట్టలేదు.

సపోటాను ఇక్కడ ఇప్పటికీ పాత పద్ధతిలోనే కడుతున్నారు. వేరు కోసం పెంచిన పాల మొక్కను (పాల అనేది సపోటా జాతికి దగ్గరి చెట్టు) సంచితో సహా తల్లి సపోటా చెట్టు కొమ్మకు ఆనించి కట్టి, రెండూ కలిసిన తర్వాత వేరు చేస్తారు. శ్రమ ఎక్కువైనా పాల వేరు మీద సపోటా చాలా గట్టిగా నిలబడుతుంది. నిమ్మ మొక్కలు సాధారణంగానే ఉన్నాయి. ఒకటి రెండింటి ఆకుల మీద గజ్జి తెగులు మచ్చలు చూసి తిరిగి ఇచ్చేస్తే ఏమీ అనకుండా మార్చారు. కొబ్బరి అడిగినప్పుడు మాత్రం తమ దగ్గర నాటు మొక్కలే ఉన్నాయని, గోదావరి గంగ లాంటి సంకర రకం కావాలంటే దాన్ని రూపొందించిన అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలోనే అడగడం మంచిదని సలహా ఇచ్చారు.

నాటే పద్ధతి గురించి ఆయన ఓపికగా చెప్పిన సంగతులు మొక్కలతో పాటు ఉచితంగా దక్కాయి. మామిడికి మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతున గుంతలు వేసవిలోనే తీసి ఎండనివ్వాలి. పైమట్టిని, అడుగు మట్టిని విడివిడిగా పోసి, తొలకరికి ముందు పైమట్టిలో బాగా చివికిన గెత్తం (పశువుల ఎరువు), సూపర్ ఫాస్ఫేట్, చెదల కోసం వేపపిండి కలిపి గుంత నింపాలి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలను ఆ రోజే నాటకుండా కొన్నాళ్లు చెట్టు నీడలో ఉంచి మా నీటికి, మా గాలికి అలవాటు పడనిచ్చాం. నాటడానికి ముందు రోజు సంచులు తడిపి, మట్టి గడ్డ విరగకుండా బ్లేడుతో సంచిని నిలువునా కోసి తీశాం. అతుకు నేలకు జానెడు ఎత్తున ఉండేలా చూడడం, అతుకు చుట్టూ కట్టిన ప్లాస్టిక్ రిబ్బను విప్పేయడం అనే రెండు పనులనూ కూలీలు చాలా తేలిగ్గా తీసుకుంటారు. రిబ్బను అలాగే ఉండిపోతే కాండం లావెక్కే కొద్దీ అది బిగుసుకొని పైభాగం ఎండిపోతుంది. అతుకు మట్టిలో పూడిపోతే కుళ్లు పట్టవచ్చు. అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లను గిల్లేయకపోతే కొన్నాళ్లకు మిగిలేది టెంక మామిడే. ఊత కర్రను మట్టి గడ్డలోకి కాకుండా దాని పక్కన పాతమన్నది నేను అంతకుముందు వినని సూచన. ఇప్పటికి మామిడి అంటులన్నీ బతికి కొత్త చిగురు వేశాయి. సపోటా నెమ్మదిగా ఉన్నా ఆరోగ్యంగా ఉంది.

లోపాలు లేవని కాదు. రకాల పేర్లను సంచుల మీద పెన్నుతో రాయడం వల్ల వానకు చెరిగిపోయాయి. జామలో ఒక మొక్క అలహాబాద్ సఫేదానో లక్నో 49నో ఇప్పుడు నాకు తెలియదు. తల్లి చెట్టు మీద అంత శ్రద్ధ ఉన్నవారు రేకు ముక్క మీద పేరు గీసి కట్టించడానికి బద్ధకించడం నాకు అర్థం కాలేదు. అడిగితే తప్ప రసీదు ఇవ్వరు. ఇచ్చిన రసీదులో "మొక్కలు" అని తప్ప రకాల వివరం లేదు. రేపు కాయ తేడాగా వస్తే ఆ కాగితం దేనికీ పనికిరాదు. మామిడి అంటు ఒక్కొక్కటి 150 రూపాయలు తీసుకున్నారు, రహదారి మీద దాదాపు అదే ఎత్తు మొక్క 100 రూపాయలకు వస్తుంది. తల్లి చెట్టును చూసి కొన్నందుకు ఆ తేడా నాకు ఎక్కువనిపించలేదు గాని, వందల మొక్కలు పెట్టే రైతుకు అది పెద్ద భారమే అవుతుంది. రవాణా ఏర్పాటు అసలు లేదు. మొక్కల మధ్య ఎండుగడ్డి కూరి ఆటోలో సర్దించుకునే పని కొనేవారిదే.

సువర్ణరేఖ మామిడి కావాలని అడిగితే, తన దగ్గర ఆ చెట్టు లేదని, బంధువుల తోట నుంచి కొమ్మ తెచ్చి శ్రావణంలో కడతానని, వచ్చే తొలకరికి ఇస్తానని చెప్పారు. బయానా తీసుకోలేదు. ఆ తోట ఎక్కడుందో అడిగి, కాయలున్న రోజుల్లో వెళ్లి చెట్టును చూసి వచ్చిన తర్వాతే ఆ అంటులు తీసుకుంటాను.