వెనక యాక్సిల్ నట్టుకు రింగ్ స్పానరా, టార్క్ రెంచా?

తిరుమల ఘాట్ ఎక్కిదిగే బైక్‌కు చైన్ సరిచేశాక, వెనక చక్రం ఇరుసును (యాక్సిల్) పట్టి ఉంచే ఈ నట్టును తేలిగ్గా తీసుకోకూడదు.

రింగ్ స్పానర్ చవక, ఏ షెడ్డులోనైనా దొరుకుతుంది. చిక్కంతా చేతి అంచనాతోనే. 60 న్యూటన్ మీటర్ల బిగువు (టార్క్) కావాలంటే 25 సెంటీమీటర్ల స్పానర్ కొసన దాదాపు 24 కిలోల బరువంత లాగాలి. పైపు తొడిగి కాలితో తొక్కితే థ్రెడ్లు సాగుతాయి. బిగువు తక్కువైతే యాక్సిల్ జరిగి చైన్ వదులవుతుంది, చక్రం వంకరపోతుంది.

టార్క్ రెంచ్ అంటే బిగువును కొలిచి బిగించే పనిముట్టు. అందులో బండి మాన్యువల్ చెప్పిన అంకె పెట్టి నిదానంగా లాగి, 'టక్' అనగానే ఆపాలి. ఇంకోసారి టక్కుమనిపించడం మనవాళ్ల సరదా, అది అదనపు బిగింపే. థ్రెడ్లకు గ్రీజు పూస్తే అదే అంకెకు నట్టు మరీ బిగుస్తుంది. మాన్యువల్ చెప్పకపోతే పూయొద్దు.

ఇంట్లో రెంచే మేలు. దారిలో పంచరైతే స్పానర్‌తో కానిచ్చి, ఇంటికొచ్చాక వదులుచేసి రెంచ్‌తో మళ్లీ బిగించండి. నట్టు ఊడకుండా అడ్డంగా దూర్చే స్ప్లిట్ పిన్ ఉంటే కొత్తది వేయండి.