నేతి పూతరేకు అన్నాడు, అంగిలికి డాల్డా అంటింది

రావులపాలెం దగ్గర హైవే పక్కన కారు ఆగింది. ఆపమని ఎవరం చెప్పలేదు. ఎదురుగా "స్వచ్ఛమైన నేతి పూతరేకులు" అని బారెడు అక్షరాల బోర్డు. పది పూతరేకుల పెట్టె 160 రూపాయలు. ఇంటికీ ఆఫీసుకీ అని నాలుగు పెట్టెలు, 640. కారులోనే ఒకటి విప్పాం. తీపి బాగానే ఉంది, యాలకుల వాసనా వచ్చింది. మింగాక మాత్రం అంగిలికి మైనం పూసినట్టయింది, చల్లటి నీళ్లు తాగితే ఇంకా బిగిసింది. అచ్చమైన డాల్డా. అత్తయ్య అంబాజీపేట వచ్చేదాకా నోరు విప్పలేదు. ఆవిడ మౌనం కంటే తిట్లే నయం.

డబ్బు కంటే లెక్క చూసుకోలేదన్న బాధే ఎక్కువ. ఒక్కో పూతరేకుకి పది పదిహేను గ్రాముల నెయ్యి పడుతుంది. కిలో నెయ్యి 700 అనుకున్నా నెయ్యికే ఏడు నుంచి పది రూపాయలు. దాని మీద రేకులు, పంచదార, చుట్టే కూలి, పెట్టె, కొట్టు అద్దె, ఆపైన కారు డ్రైవరు కమీషను. పదహారు రూపాయలకి నేతి పూతరేకు ఎక్కణ్ణుంచి వస్తుంది?

కొనేముందు చూసుకోవడం కష్టమేం కాదు. ఒకటి విప్పించి లోపలి జిడ్డుని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య రుద్దండి. నెయ్యయితే నూనెలా జారిపోతుంది, వాసన వేలికి చాలాసేపు ఉండిపోతుంది. డాల్డా అయితే తెల్లగా, ముద్దగా నలుగుతుంది. చలికాలం పొద్దున్నే అసలు నెయ్యి కూడా పూసకట్టి ఉంటుంది కాబట్టి కంటితో చూసి తేల్చకూడదు, రుద్దాల్సిందే. సగం నెయ్యి సగం డాల్డా కలిపేవాళ్లూ ఉన్నారు. అక్కడ వాసన మోసం చేస్తుంది గానీ అంగిలి మోసం చెయ్యదు: నెయ్యి నోటి వేడికి పూర్తిగా కరుగుతుంది, డాల్డా కరగడానికి ఇంకాస్త వేడి కావాలి, అందుకే పొరలా అంటుకుని ఉంటుంది. కొట్టువాళ్ల ఇంకో కిటుకు, రుచికి ఇచ్చేది ఒక పళ్లెంలోది, పెట్టెలో సర్దేది ఇంకో పళ్లెంలోది. మీకు కట్టే పెట్టెలోంచే ఒకటి తీసి ఇమ్మనండి. మొహం మాడ్చుకుంటే ఆ కొట్టు వదిలెయ్యండి.

మర్నాడు డ్రైవరు వద్దంటున్నా కారు ఆత్రేయపురం ఊళ్లోకి తిప్పించాం. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా కాలవ గట్టు పట్టుకుని వెళ్లడమే. ఆ ఊరికి దగ్గర్లోనే లొల్ల లాకులు (కాలవ నీటిని ఆపి వదిలే తలుపులు), సినిమాల్లో చూసిన చోటే. పిల్లలకి ఫొటోలు, మనకి టీ. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) వచ్చింది. అంతమాత్రాన ఆ పేరు పెట్టిన ప్రతి పెట్టే ఆ ఊరిదని కాదు. ఊళ్లో చాలా ఇళ్లల్లో ఆడవాళ్లు రేకులు తీస్తుంటారు, చూస్తామంటే కాదనరు.

చూడాల్సింది కుండని. బోర్లించిన కుండ, పక్కనుంచి మంట పెట్టడానికి నోరు. కింద ఎండు కొబ్బరాకుల మంట. కట్టెలైతే మంట ఒకేచోట మండుతుంది, ఆకైతే చప్పున లేచి చప్పున తగ్గుతుంది, అదుపు చేతిలో ఉంటుంది. జయ రకం బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలంత పల్చగా కలుపుతారు. పల్చటి గుడ్డని అందులో ముంచి రెండు కొసలూ పట్టుకుని కుండ మీదుగా ఒక్క లాగు లాగుతారు. రెప్ప వేసి తెరిచేలోపు పొర ఆరి, అంచు పైకి లేస్తుంది. గోటితో అందుకుని తీసేస్తారు. పిండి చిక్కబడితే రేకు కాగితం బదులు అట్ట అవుతుంది. మంట తగ్గితే కుండకి కరుచుకుంటుంది, ఎక్కువైతే పెళుసుగా విరుగుతుంది. అక్కడ మా వదిన ఒకసారి గుడ్డ లాగింది. వచ్చింది రేకు కాదు, చిల్లుల దోసె. ఆ ఇంటి అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. వదిన మాత్రం, ఆ కుండ ఒకటి కొనిపెట్టమని రాజమండ్రి దాకా బావగారి ప్రాణం తీసింది.

ఊళ్లో ధరలు: పంచదారవి పది 300, బెల్లంవి 350, జీడిపప్పు బాదం వేసినవి 420. హైవే కంటే రెట్టింపు, అయినా ఇవే చవక. బెల్లంవి రుచిలో ఒక మెట్టు పైన. కానీ బెల్లం చెమ్మ పీలుస్తుంది, వారం దాటితే రేకు మెత్తబడి తోలులా సాగుతుంది. పంచదారవి రెండు వారాలు నిక్షేపంగా ఉంటాయి. జీడిపప్పు వేసినవి నాకు నచ్చవు. పూతరేకు గొప్పంతా నోట్లో పెట్టగానే మాయమవడంలో ఉంది, మధ్యలో పప్పు పలుకు నమలాల్సి వస్తే ఇంక పూతరేకెందుకు, జీడిపప్పు పాకం తినొచ్చు. ఫ్రిజ్జులో మాత్రం పెట్టొద్దు. నెయ్యి గడ్డకడుతుంది, బయటికి తీయగానే చెమ్మ పట్టి రేకు ముద్దవుతుంది.

అన్నిటికంటే తెలివైన కొనుగోలు వట్టి రేకులు. యాభై రేకుల కట్ట 150 రూపాయలు. ఇంట్లో మీ నెయ్యితో మీరే చుట్టుకోవచ్చు. ఇరవై పూతరేకులకి నలభై రేకులు, మెత్తగా పొడి చేసి జల్లించిన పంచదార పావుకిలో, పావుకిలో నెయ్యి, ఆరేడు యాలకులు సరిపోతాయి. పంచదార పలుకులుగా ఉంటే రేకు చిరుగుతుంది, పొడి చెయ్యక తప్పదు. ఎండు రేకు మడతపెడితే పొడైపోతుంది, కాబట్టి గట్టిగా పిండిన తడిగుడ్డని రేకు మీద పది సెకన్లు పరిచి తియ్యండి. చెయ్యి తడిపి నేరుగా చల్లారా, రేకు ముడుచుకుపోయి జిగురు మిగులుతుంది. నెయ్యి గోరువెచ్చగా ఉండాలి. వేడి నెయ్యి చిల్లు పెడుతుంది, పేరిన నెయ్యి పరుచుకోదు. రెండు రేకులు సగం సగం ఒకదానిమీద ఒకటి వేసి, నెయ్యి రాసి, పొడి చల్లి, అంచులు లోపలికి మడిచి చుట్టెయ్యడమే.

అంబాజీపేట పొట్టిక్కల గురించి చెప్పకపోతే పాపం. నాలుగు పనసాకుల్ని ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. మామూలు ఇడ్లీ పది పన్నెండు నిమిషాల్లో అయిపోతే దీనికి ఇరవై దాకా పడుతుంది, మందం ఎక్కువ కదా. పిండి ఇడ్లీకంటే కాస్త గట్టిగా ఉండాలి, లేదంటే కుట్ల సందుల్లోంచి కారిపోతుంది. ఆకు విప్పినప్పుడు వచ్చే పచ్చి పనస వాసన ఇంకే టిఫినుకీ రాదు. రెండు పొట్టిక్కలు, అల్లం పచ్చడి, కొబ్బరి పచ్చడి, కారప్పొడి మీద నెయ్యి చుక్క, అన్నీ కలిపి 50 రూపాయలు. తొమ్మిది దాటితే ఆకు బుట్టలు ఖాళీ. అత్తయ్య అక్కడే మాట్లాడింది: "ఇంకో రెండు చెప్పండి."

తాపేశ్వరం మడత కాజా వేడిగా తిన్నాం, బాగుంది. ద్రాక్షారామంలో దర్శనం అరగంటలో అయింది.

రాజమండ్రిలో ఒక భోజన హోటలు సంగతి వేరు. జనవరిలో పులస పులుసు రాసి ఉంది, ముక్క 900. బావగారు పుస్తెలమ్మైనా పులస తినాలి అంటూ ఆర్డరివ్వబోయారు, వదిన మెడ చూపించాక ఆగారు. పులస అనేది చేప పేరు మాత్రమే కాదు, కాలం పేరు కూడా. సముద్రంలో ఉన్నంతసేపు అది ఇలస. గోదారికి ఎర్రనీరు వచ్చే జులై, ఆగస్టు, సెప్టెంబరుల్లో గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ వస్తుంది. తీపి నీళ్లలో ఈదే కొద్దీ రంగూ రుచీ మారతాయి. ధవళేశ్వరం బ్యారేజీ అడ్డం కాబట్టి వలల సందడంతా దానికి దిగువనే. వరద లేని నెలలో పులస అని వడ్డించేది మంచుపెట్టెలో వచ్చిన ఇలసే, లేదా ఎప్పటిదో నిలవ చేప. ఇలస తినకూడదని కాదు, ఇలస ధరకి తినాలి. సీజన్లో వెళ్తే పొద్దున వండింది సాయంత్రం అడగండి. ముల్లు ఎక్కువ, పులుసు నిలవున్న కొద్దీ ముక్కకి పడుతుంది. మేం అక్కడ భోజనం ప్లేటు 180కి తిన్నాం. గోంగూర బాగుంది, పప్పుచారు నీళ్లు.

బస చేసిన లాడ్జిలో ఏసీ గది 1,800. ఫోనులో ఇరవైనాలుగు గంటల చెకవుట్ అన్నవాడు బిల్లు దగ్గర మధ్యాహ్నం పన్నెండు అన్నాడు, సగం రోజు అద్దె 900 అదనం. బుక్ చేసేటప్పుడే వాట్సాప్‌లో రాయించుకోండి. కారు రోజుకి 3,200, డీజిలు కలిపి. బేరం కుదిరేటప్పుడే "స్వీట్ల దగ్గర మేం చెబితేనే ఆపాలి" అని ఒక ముక్క అనండి.

తిరుగు ప్రయాణంలో వట్టి రేకుల కట్టల్ని పై బెర్తు మీద, ఏ బరువూ పడకుండా పెట్టాలి. సీటు కింద తోసిన కట్టలో సగం పొడైంది. ఆ పొడిలో నెయ్యి, పంచదార కలిపి పిల్లలు చెంచాలతో తినేశారు. హైవే పెట్టెలు మూడు ఇంకా అల్మరాలోనే ఉన్నాయి.