నావూ టూరు: ఆ పెద్దవాళ్ళ కోసమైనా ఒకసారి వెళ్ళండి

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున నావూ అని చిన్న ఊరుంది. షికాగో వైపు నుంచి కార్లో మాకు నాలుగున్నర గంటలు పట్టింది. ఈ వేసవిలో అమ్మానాన్నలు వచ్చారు, పెద్ద ఊళ్ళు తిరిగి అలిసిపోయారు, కాస్త నెమ్మదిగా ఉండే చోటుకి తీసుకెళ్దామని బయల్దేరాం. ఇది మోర్మన్లు అనే క్రైస్తవ శాఖ వాళ్ళు కట్టుకున్న ఊరు, మేం ఆ మతం వాళ్ళం కాదు. అయినా ఇంత పొడుగు రివ్యూ రాయడానికి కారణం అక్కడ ఇళ్ళు చూపించే పెద్దవయసు దంపతులు.

ఊరి కథ కొంచెం తెలిస్తే టూరు బాగా ఎక్కుతుంది. బయట అందరూ మోర్మన్లు అనే లాటర్ డే సెయింట్స్‌ని మిస్సోరీ నుంచి తరిమేస్తే 1839లో ఇక్కడికి చేరారు. అప్పటికి ఇది చిత్తడి నేల. చలిజ్వరాలతో మనుషులు పోతున్నా కాలవలు తవ్వి నీళ్ళు మళ్ళించి, ఐదారేళ్ళలో దాదాపు 12 వేల మంది ఉండే ఊరు కట్టుకున్నారు. 1844 జూన్ 27న వాళ్ళ ప్రవక్త జోసెఫ్ స్మిత్‌నీ, ఆయన అన్న హైరమ్‌నీ కార్తేజ్ జైల్లో ఒక మూక కాల్చి చంపింది. 1846 ఫిబ్రవరిలో, ఎముకలు కొరికే చలిలో, మిగిలినవాళ్ళు బళ్ళు కట్టుకుని నది దాటి పడమటికి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఆ ఇళ్ళూ దుకాణాలూ బాగుచేసి చూపిస్తున్నారు. చూడ్డానికి టికెట్ కొనక్కర్లేదు. ఎడ్లబండి, గుర్రబ్బండి ఎక్కించినా డబ్బులు తీసుకోరు. చూపించేవాళ్ళలో ఎక్కువమంది రిటైరైన భార్యాభర్తలు, ఆ చర్చి తరఫున మిషనరీలుగా వచ్చినవాళ్ళు. మగవాళ్ళని ఎల్డర్ అనీ ఆడవాళ్ళని సిస్టర్ అనీ పిలవాలి. ఆరు నెలల నుంచి 23 నెలల దాకా ఉంటారు. జీతం ఒక్క డాలర్ కూడా రాదు సరికదా ఇంటద్దె, తిండి, పెట్రోలు అన్నీ సొంత డబ్బే. ఎక్కడికి వెళ్ళాలనుందో ముందు చెప్పుకోవచ్చట, కానీ చివరికి చర్చి నుంచి ఉత్తరం వస్తుంది, అందులో ఏ ఊరు రాసుంటే ఆ ఊరే.

మేం మొదట వెళ్ళింది కమ్మరి కొలిమికి. డెబ్బై దాటిన పెద్దాయన, పాతకాలం చొక్కా, తోలు ఏప్రాన్. బండిచక్రానికి ఇనుప పట్టా ఎలా ఎక్కించేవాళ్ళో చెప్తున్నాడు. పట్టాని ఎర్రగా కాలిస్తే సాగుతుంది అనేదాకా నేను తెలుగులో చెప్పానో లేదో, నాన్న అందుకుని "చక్రం మీద వేసి వెంటనే నీళ్ళు కొడితే బిగుసుకుంటుంది, ఇక ఊడమన్నా ఊడదు" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పేసరికి ఆయన సమ్మెట పక్కన పెట్టి నాన్న దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. మీ ఊళ్ళో చూశారా అని అడిగి, తర్వాత పావుగంట ఇద్దరూ దాగలికి అటొకరు ఇటొకరు నిలబడి మాట్లాడుకున్నారు, మధ్యలో నేను అనువాదం చేస్తూనే ఉన్నాను. ఆఖర్న గుర్రపు లాడానికి కొట్టే మేకుని ఉంగరంలా వంచి, అంచులు గీరుకోకుండా రుద్ది, అమ్మకి ఇచ్చాడు. దాన్ని అక్కడ ప్రెయిరీ డైమండ్ అంటారు. అమ్మ ఇప్పటికీ తీయలేదు.

మధ్యాహ్నం ఆయన డ్యూటీ అయ్యాక భార్యతో కలిసి బయట బెంచీ మీద కనిపించాడు, పిలిచి కూర్చోబెట్టుకున్నారు. పొద్దున ప్రార్థనతో మొదలవుతుందట. ఏ రోజు ఎక్కడ పనో షెడ్యూలు ముందే ఇస్తారు, ఇవాళ కొలిమి అయితే రేపు బేకరీ, ఎల్లుండి, జోసెఫ్ స్మిత్ తర్వాత వాళ్ళని నడిపించిన బ్రిగమ్ యంగ్ ఇల్లు. ప్రతి ఇంటి కథా చదివి గుర్తుపెట్టుకోవాలి, సాయంత్రాలు నాటకంలో వేషం కూడా ఉంటుంది. ఆవిడ వచ్చే ముందు నాలుగు పొడుగు గౌన్లు తనే కుట్టుకుందట. ఎండాకాలం ఆ గౌన్లో రోజంతా నిలబడటం ఆ వయసులో ఎంత కష్టమో, ఆవిడ మెడ దగ్గర చెమటతో తడిసిన కాలర్ చూస్తే అర్థమైంది. ఇక్కడికి వచ్చాక మనవరాలు పుట్టింది, ఇంతవరకు ఫోన్లోనే చూసుకున్నారు. అది చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు జీరబోయింది.

"ఈ వయసులో పిల్లల్ని వదిలి ఎందుకమ్మా ఇంత దూరం" అని అమ్మ అడగమంది. మొహమాటపడుతూనే అడిగాను. "మా ముత్తవ్వకి అమ్మమ్మ ఈ వీధిలోంచే బండెక్కి వెళ్ళిపోయింది, ఆవిడ వదిలేసిన ఊరికి ఎవరో ఒకరు తిరిగి రావాలి కదా" అంది ఆ సిస్టర్. అమ్మకి కళ్ళనీళ్ళు వచ్చేశాయి. తర్వాత ఫ్యామిలీ లివింగ్ సెంటర్లో తాడు పేనడం చూపిస్తుంటే అమ్మా ఆవిడా చెరో కొస పట్టుకుని పేనారు, భాష రాకపోయినా ఎక్కడా ఇబ్బంది కలగలేదు. పిల్లలకైతే స్కోవిల్ బేకరీలో ఇచ్చే అల్లం బిస్కెట్టు, ఇటుకల బట్టీలో ఇచ్చే చిన్న ఇటుక బాగా నచ్చుతాయి.

మతంలోకి రమ్మని మమ్మల్ని ఎవరూ ఒత్తిడి చెయ్యలేదు. ఒక్కో టూరు చివర తమ నమ్మకం గురించి రెండు మాటలు చెప్పారు, అంతే. ఇక్కడ వినేది నమ్మినవాళ్ళ వైపు నుంచి చెప్పే చరిత్ర, అది మనసులో పెట్టుకుని వెళ్ళండి. బహుభార్యాత్వం గొడవలు, 1844లో ఎదురుతిరిగిన పత్రిక ప్రెస్సుని జోసెఫ్ స్మిత్ పగలగొట్టించడం లాంటివి ముందే కాస్త చదువుకుని వెళితే మంచి ప్రశ్నలు అడగగలుగుతారు. ప్రశ్న అడిగితే వాళ్ళు చిరాకుపడలేదు, తెలిసినంత చెప్పారు.

గుట్ట మీద తెల్లటి గుడి ఉంది. పాతది 1848లో తగలబెట్టారు, మిగిలిన గోడల్ని 1850లో సుడిగాలి పడగొట్టింది, ఇప్పుడున్నది 2002లో ప్రతిష్ఠ చేసినది. సభ్యులు కానివాళ్ళకి లోపలికి ప్రవేశం లేదు, బయటి నుంచి చూడొచ్చు. జోసెఫ్ స్మిత్ ఉన్న ఇళ్ళు, ఎర్ర ఇటుకల దుకాణం ఇదివరకు కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ అనే, జోసెఫ్ స్మిత్‌నే మూలపురుషుడిగా చెప్పుకునే వేరే చర్చి చేతిలో ఉండేవి, 2024 మార్చిలో ఈ చర్చి కొనుక్కుంది.

నేను చేసిన పొరపాటు ఒక్కరోజే పెట్టుకోవడం. రెండు రోజులు పెట్టుకోండి, కార్తేజ్ జైలు కూడా అరగంట దూరమే. బండి ఎక్కడానికి ఉచితంగా ఇచ్చే టికెట్లు విజిటర్స్ సెంటర్లో పొద్దున్నే తీసుకోండి. పెద్దవాళ్ళుంటే టోపీ, నీళ్ళ సీసా తప్పనిసరి, నీడ తక్కువ. నా రేటింగ్ ఐదుకి ఐదు.

సాయంత్రం పార్లీ వీధి చివరికి, బళ్ళు నది దాటిన చోటికి నడిచాం. అవతల అయోవా ఒడ్డు మీద పొద్దు దిగుతోంది. ఆ దంపతులు కూడా వచ్చారు, గౌను మార్చుకోలేదింకా. అమ్మ వాళ్ళ మనవరాలి ఫోటో చూపించమంది. ఆవిడ ఫోన్ తీసి ఒక్కొక్కటే జరుపుతూ చూపిస్తుంటే చీకటి పడేదాకా అక్కడే ఉండిపోయాం.