తుఫాను భయానికి హిప్నాసిసా, ఈఎండీఆరా?

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గాలి హోరెత్తితే ఇప్పటికీ తలుపు గడియ పట్టుకుని కూర్చునే తెలుగువాళ్లు గంజాం తీరంలో ఉంటే, వారికి ఏ చికిత్స మేలు? నా మొగ్గు కంటి కదలికలతో చేసే మానసిక చికిత్స అయిన ఈఎండీఆర్‌ వైపే. చికిత్సకుడి వేలు అటూ ఇటూ కదులుతుంటే చూపుతో వెంబడిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకోవాలి, పూసగుచ్చినట్టు చెప్పనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే దీన్ని సిఫారసు చేసింది.

హిప్నాసిస్‌కు అంత ఆధారబలం లేదు. మనిషి స్పృహ తప్పడు (గొలుసు ఊపడాలు సినిమాల్లోనే), ఒళ్లు తేలికపడుతుంది, నిద్రకు సాయపడవచ్చు. తోడు చికిత్సగా సరే. మరిచిపోయినవి తవ్వి తీస్తామంటే మాత్రం ఒప్పుకోకండి: జరగనివి కూడా జరిగినట్టే గుర్తుకు రావచ్చు. ఎటూ తేలకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్; అందులో తెలుగు కూడా ఉంది.