తాగిన కప్పును ఎక్కడ తిరిగి ఇవ్వాలి?

జర్మనీలోని ఫ్రైబర్గ్ స్టేషన్‌లో రైలు కదలడానికి ఇంకా ఆరు నిమిషాలు ఉందనగా నా చేతిలో ఖాళీ కాఫీ కప్పు ఒకటి మిగిలిపోయింది. ఊరి నడిబొడ్డున ఒక కెఫేలో, తిరిగి ఇస్తే వెనక్కి వచ్చే డిపాజిట్ కట్టి తీసుకున్న గట్టి ప్లాస్టిక్ కప్పు అది. కడిగి మళ్లీ వాడేది కాబట్టి చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పలేదు. స్టేషన్‌లోని దుకాణం వారేమో అది తమ పథకంలోని కప్పు కాదని తీసుకోలేదు. చేసేది లేక దాన్ని సంచిలో పెట్టుకుని రైలెక్కాను. ఆ తరువాత చూసిన ఊళ్లను, దిగిన బసలను అన్నింటినీ, తిన్న గిన్నెను తిరిగి ఇవ్వడం అక్కడ ఎంత సులువన్న లెక్కతోనే తూచాను.

నిజానికి ఫ్రైబర్గ్ ఈ పనిలో ఆరితేరిన ఊరు. నగర పాలక వ్యవస్థ చొరవతో 2016 నవంబరులోనే ఇక్కడ ఒక యూరో డిపాజిట్‌తో కాఫీ కప్పుల పథకం మొదలైంది. 2023 జనవరి 1 నుంచి జర్మనీ అంతటా చట్టమే వచ్చింది: ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ డబ్బాల్లో భోజనం, ఏ రకం పారేసే కప్పుల్లోనైనా పానీయాలు కట్టి ఇచ్చేవారు మళ్లీ వాడే పాత్రను కూడా అదే ధరకు, కావాలంటే డిపాజిట్ తీసుకుని, ఇవ్వాలి. అయిదుగురికి మించని సిబ్బంది, 80 చదరపు మీటర్లకు మించని స్థలం ఉన్న దుకాణాలకు మినహాయింపు ఉంది గాని, మనం తీసుకెళ్లిన గిన్నెలో వారు వడ్డించక తప్పదు. అయితే ఇవన్నీ అడిగినవారికే దక్కే సదుపాయాలు. నేను వెళ్లిన మూడు చోట్ల రెండింటిలో నోరు తెరిచి అడిగేదాకా మళ్లీ వాడే కప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. బస మాత్రం మెచ్చదగినది: ఉదయం ఫలహారంలో జామ్, వెన్న, పెరుగు అన్నీ గాజు గిన్నెల్లోనే పెట్టారు, బల్ల మీద ఒక్క చిన్న ప్యాకెట్టు కూడా కనిపించలేదు.

ట్యూబింగెన్‌లో అడగవలసిన అవసరమే రాలేదు. ఈ విశ్వవిద్యాలయ పట్టణం 2022 జనవరి నుంచి వాడి పారేసే కప్పుకు, డబ్బాకు 50 సెంట్ల చొప్పున, చెంచా వంటి వాటికి 20 సెంట్లు వ్యాపారుల నుంచి పన్ను వసూలు చేస్తోంది. దాన్ని సవాలు చేసిన కేసును జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసినట్టు 2025 జనవరిలో వెల్లడైంది. పన్ను భారం బిల్లులో కనబడుతుంది కాబట్టి కౌంటరు దగ్గరి అమ్మాయే ముందుగా "కడిగే కప్పులో ఇవ్వమంటారా?" అని అడిగింది. రద్దీ తగ్గాక వంటగది కూడా చూపించింది. కప్పులు కడగడం కష్టం కాదట, ఆరబెట్టడమే కష్టమట. పింగాణీ పాత్ర యంత్రంలోని వేడిని పట్టి ఉంచుకుంటుంది కనుక బయటికి తీసిన కాసేపటికి దానంతటదే ఆరిపోతుంది. పలుచని ప్లాస్టిక్ అంత వేడిని నిలుపుకోలేదు, అంచు కింది గాడిలో నీటి చుక్కలు అలాగే నిలిచి ఉంటాయి. ఆ తడితోనే ఒకదానిలో ఒకటి పేర్చితే కప్పులు అతుక్కుపోతాయి, వాసన కూడా పడుతుంది. అందుకే అరలో సగభాగం బోర్లించిన కప్పులే ఆక్రమించాయి. పారేసే కప్పులు మానాలనుకునే హోటలు కడిగే యంత్రం కన్నా ముందు ఆరబెట్టే చోటు చూసుకోవాలని నాకు అక్కడే తెలిసింది. నా ఫ్రైబర్గ్ కప్పును మాత్రం వారు కూడా తీసుకోలేదు.

పారిస్‌లో చట్టం ఇంకో వైపు నుంచి వచ్చింది. 20 మందికి పైగా కూర్చునే వీలున్న హోటళ్లు, ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలతో సహా, అక్కడే కూర్చుని తినేవారికి 2023 జనవరి 1 నుంచి కడిగి వాడే పాత్రల్లోనే వడ్డించాలి. పాత్ర గడప దాటదు కాబట్టి తిరిగి రావడం గురించి బెంగ లేదని నేననుకున్నాను. కాని అలవాటు కొద్దీ ట్రే మొత్తాన్ని చెత్తడబ్బాలోకి వంచేసేవారు ఉన్నారు. నా పక్కనే ఒకాయన అలాగే చేసి, తరువాత మోచేతి దాకా చెయ్యి పెట్టి గిన్నెను వెతికి తీశాడు. నేను దిగిన హోటలు మాత్రం గదిలో కాగితపు కప్పులే పెట్టింది. అద్దె ఎక్కువ, శ్రద్ధ తక్కువ. మళ్లీ అక్కడ దిగను.

డెన్మార్క్‌లోని ఆర్హుస్‌కు చేరేసరికి నా సంచిలోని కప్పు అడుగున కాఫీ మరక గట్టిపడిపోయింది. ఇక్కడ 2024 జనవరిలో నగరమూ, ఖాళీ సీసాలను వెనక్కి తీసుకునే యంత్రాలు తయారుచేసే టోమ్రా సంస్థా కలిసి మూడేళ్ల ప్రయోగం మొదలుపెట్టాయి. కప్పుకు 5 క్రోనర్ల (డెన్మార్క్ డబ్బు) డిపాజిట్. పథకంలో చేరిన ఏ కెఫేలో కొన్నా వీధిలోని ఏ యంత్రంలోనైనా వేయవచ్చు. గుండ్రటి రంధ్రంలో కప్పు పెట్టి, బ్యాంకు కార్డు ఆనిస్తే డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. యాప్ దించుకోవడం, పేరు నమోదు చేసుకోవడం వంటివేవీ లేవు. నాలుగు ఊళ్లలో నా మొదటి మార్కు దీనికే. బస సాధారణమైన హాస్టలు. వంటగదిలో పారేసే పాత్ర ఒక్కటీ లేదు, అయితే రాత్రి ఎనిమిదింటికి సింకు దగ్గర పెద్ద వరుసే ఉండేది.

శనివారం సాయంత్రం ఒక యంత్రం నిండిపోయి, దాని నెత్తిన ఏడెనిమిది కప్పులు పేర్చి ఉన్నాయి. నేను అప్పుడే తాగిన ఆర్హుస్ కప్పును పట్టుకుని రెండు వీధులు దాటి ఇంకో యంత్రం దాకా నడిచాను. దారిలో చెత్తబుట్టలు మూడు తగిలాయి.